వైద్య సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్మే కంప్యూటర్ కూడా వైద్య పరికరమేనా?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి, అంకుర సంస్థ ఇంజనీరు)

ఎక్స్-రేలలో విరిగిన ఎముకలను గుర్తించే మా సాఫ్ట్‌వేర్‌కు యూరోపియన్ యూనియన్ వైద్య పరికరాల నియంత్రణ 2017/745 కింద క్లాస్ టూ-ఏ (మధ్యస్థ ప్రమాద స్థాయి) ధ్రువీకరణ వచ్చింది. జర్మనీలోని చిన్న క్లినిక్కులు కంప్యూటర్‌ను కూడా మమ్మల్నే ఇమ్మంటున్నాయి. బజారులో దొరికే మామూలు కంప్యూటర్‌లో మా సాఫ్ట్‌వేర్ వేసి పంపితే ఆ కంప్యూటర్ కూడా వైద్య పరికరం అవుతుందా? దానికి ఐఈసీ 60601-1 (వైద్య విద్యుత్ పరికరాల భద్రతకు అంతర్జాతీయ ప్రమాణం) పరీక్షలు తప్పవని ఒక సలహాదారు చెప్పారు. ఆ పరీక్షల ఖర్చు మాకు మించిన భారం.

సమాధానం 1 (నియంత్రణ వ్యవహారాల నిపుణుడు, మ్యూనిక్)

అది ఎలాంటి కంప్యూటర్ అన్నదాని కంటే, దానిని ఏ ప్రయోజనం కోసం, ఎవరి పేరుతో మార్కెట్లో పెడుతున్నారన్నదే ఇక్కడ ప్రధానం. తయారీదారు సాధారణ వినియోగానికి ఉద్దేశించిన కంప్యూటర్, దానిపై వైద్య సాఫ్ట్‌వేర్ నడిచినంత మాత్రాన వైద్య పరికరం కాదు. అందువల్ల మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, సాఫ్ట్‌వేర్‌ను మాత్రమే అమ్మి కంప్యూటర్‌ను క్లినిక్కునే కొనుక్కోమనడం. కనీస హార్డ్‌వేర్, నెట్‌వర్క్, భద్రతా అవసరాలను మీరు నిర్దేశించాలని ఆ నియంత్రణ మొదటి అనుబంధంలోని 17.4 ఎలాగూ కోరుతుంది కనుక, ఆ పట్టికను కొంచెం వివరంగా రాస్తే చాలు. రెండవది, అదే నియంత్రణలోని 22వ అధికరణం కింద రెండింటినీ కలిపి ఒక ‘సిస్టమ్’గా అమ్మడం. అప్పుడు కంప్యూటర్ తనకు వర్తించే ఇతర చట్టాలకు, అంటే విద్యుత్ భద్రతకు సంబంధించిన ‘లో వోల్టేజ్’, ఇతర యంత్రాలకు అంతరాయం కలగకుండా చూసే విద్యుదయస్కాంత అనుకూలత వంటి నిబంధనలకు లోబడి ఉండాలి. సిస్టమ్‌లో దాని అవసరానికి సమర్థన ఉండాలి. రెండూ పొసగుతాయని సరిచూసినట్లు వాటిని కూర్చినవారు ప్రకటన రాసి సంతకం చేయాలి. సిస్టమ్‌కు విడిగా మరో సీఈ గుర్తు (యూరోపియన్ నిబంధనలకు లోబడినట్లు తెలిపే ముద్ర) వేయకూడదు. మూడవది, మొత్తాన్నీ మీ సొంత వైద్య పరికరంగా ప్రకటించుకోవడం. ఖర్చంతా ఈ మూడో దారిలోనే ఉంది. మీ సలహాదారు బహుశా దీనినే దృష్టిలో పెట్టుకుని ఉంటారు.

హైదరాబాద్‌లో కొన్న యంత్రానికి బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) నమోదు ఉన్నా, యూరప్‌కు కావలసిన సీఈ పత్రాలు ఉంటాయన్న భరోసా లేదు. కంప్యూటర్‌ను జర్మనీలోనే కొనిపించండి.

సమాధానం 2 (ఆసుపత్రి బయోమెడికల్ ఇంజనీరు)

60601-1 విషయంలో చిన్న సవరణ. రోగి శరీరానికి తగిలే భాగం లేని, రోగికి శక్తిని పంపని, రోగి నుంచి గ్రహించని కంప్యూటర్ ఆ ప్రమాణం చెప్పే వైద్య విద్యుత్ పరికరం కాదు. అయితే దానిని స్కానరు వంటి వైద్య పరికరంతో తీగ ద్వారా కలిపి, రోగికి దాదాపు 1.5 మీటర్ల పరిధిలో ఉంచితే ఒకదానితో ఒకటి కలిపిన పరికరాల గురించిన 16వ క్లాజు ముందుకు వస్తుంది. వైద్యులు రిపోర్టులు రాసే గదిలో, నెట్‌వర్క్ ద్వారా మాత్రమే చిత్రాలు అందుకునే కంప్యూటర్‌కు మామూలు కంప్యూటర్ల వంటి యంత్రాల భద్రతా ప్రమాణం ఐఈసీ 62368-1 సరిపోతుంది. ఎక్కడ ఉంచాలో మీ సూచనల పుస్తకంలో స్పష్టంగా రాయండి.

మానిటర్ సంగతి వేరు. రోగ నిర్ధారణ కోసమే ఉద్దేశించినట్లు తయారీదారు ప్రకటించిన మానిటర్ తనంతట తానే వైద్య పరికరం. పైగా ఎక్స్-రేలు చదివే తెరలకు జర్మనీలో డిన్ 6868-157 అనే జర్మన్ ప్రమాణం ప్రకారం తనిఖీలుంటాయి. మామూలు ఆఫీసు తెరను అంటగడితే అక్కడే చిక్కు వస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. కంప్యూటర్ పెట్టెపై మా లోగో అతికించి ‘ఎముకల విశ్లేషణ కేంద్రం’ అన్న పేరుతో అమ్మాలని మా మార్కెటింగ్ విభాగం ఉబలాటపడుతోంది. దీనివల్ల ఏమైనా మారుతుందా?

సమాధానం 1 ఇచ్చినవారు

చాలా మారుతుంది. ఉద్దేశించిన ప్రయోజనాన్ని సూచనల పుస్తకం నుంచే కాక లేబుల్, ప్రచార సామగ్రి నుంచి కూడా నిర్ణయిస్తారు. ఆ పేరుతో మీరే ఆ పెట్టెను వైద్య పరికరంగా ప్రకటించుకున్నట్లవుతుంది, పైన చెప్పిన మూడో దారిలో పడతారు. సాఫ్ట్‌వేర్ తెరపై లోగో ఎంత పెద్దదైనా పెట్టుకోండి, యంత్రంపై మాత్రం అసలు తయారీదారు పేరునే ఉండనివ్వండి. జర్మనీలో కంప్యూటర్‌ను, సాఫ్ట్‌వేర్‌ను కలిపి కూర్చేది మీ పంపిణీదారైతే, 22వ అధికరణం ప్రకటనపై సంతకం చేయవలసింది కూడా ఆయనే. ఆ మాటను ఒప్పందంలో ఇప్పుడే రాయించుకోండి.