షియాన్ దగ్గర హ్వాచింగ్ చీ వేడినీటి బుగ్గలు: అమ్మను తీసుకెళ్లొచ్చా?

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. షాంఘైలో ఉద్యోగం. అమ్మ వచ్చే నెల వస్తోంది, షియాన్ టికెట్లు తీశాను. మట్టి సైనికుల బొమ్మలు చూశాక పక్కనే ఉన్న హ్వాచింగ్ చీలో అమ్మతో స్నానం చేయించాలని ఆశ. తనకి మోకాళ్ల నొప్పులు. బదరీనాథ్ తప్తకుండంలో మునిగిన రోజు గురించి ఇప్పటికీ చెప్తుంది. ఇక్కడ కూడా అలా మునగొచ్చా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

షియాన్ మెడికో:
అన్నా, నేను ఇక్కడే ఎంబీబీఎస్ చదువుతున్నాను, నాలుగుసార్లు వెళ్లాను. మునగడం కుదరదు. పాత కొలనులన్నీ ఎండిపోయిన రాతి గుంటలు, 1982 తర్వాత తవ్వకాల్లో బయటపడ్డవి. వాటిపైన హాళ్లు కట్టారు, చుట్టూ కటకటాలు, పై నుంచి చూడాల్సిందే. టికెట్ కొనేముందే అమ్మగారికి ఈ మాట చెప్పండి, లేకపోతే అక్కడికెళ్లాక నీరసపడిపోతారు.
లోపల ఒకచోట మాత్రం అసలు బుగ్గ నీళ్లు కుళాయిల్లో వస్తాయి, 43 డిగ్రీలు. చేతులు కడుక్కోవచ్చు. కొంచెం డబ్బులిస్తే కాళ్లు పెట్టుకుని కూర్చోవడానికి కూడా చోటుంది.

గోరింట:
చూసే చోటే అయినా తప్పకుండా వెళ్లండి. టాంగ్ వంశపు షువాన్‌జోంగ్ చక్రవర్తి తన ప్రియురాలు యాంగ్ గుయ్‌ఫెయ్ కోసం కట్టించిన కొలను ముందు నేను అరగంట నిలబడిపోయాను. ఫొటోల్లో పెద్దగా అనిపించదు. దగ్గరికెళ్తే రాయిని రెండు అంతస్తులుగా, పూరేకుల్లా వంపులు తిప్పి చెక్కారు, దిగడానికి మెట్లు, అడుగున నడుమ నీళ్లు పైకి ఉబికే రంధ్రం. ఆ మెట్ల మీద కాళ్లు పెట్టిన మనిషి 756లో తిరుగుబాటు నుంచి పారిపోతూ దారిలోనే, చక్రవర్తి సొంత సైనికులే పట్టుబట్టడంతో ప్రాణం పోగొట్టుకుంది. ఆ సంగతి ముందే చదువుకుని వెళ్లడం వల్ల నాకు గొంతు పట్టేసింది. చక్రవర్తి కొలను ఇంకా చాలా పెద్దది, కానీ నా కళ్లు దాని మీద నిలవలేదు. చుట్టూ కనిపించే భవనాలు మాత్రం ఎక్కువ శాతం ఈమధ్య కట్టినవే, అన్నీ టాంగ్ కాలంవే అనుకోకండి.

పాతపటం:
గోరింటగారూ, ఐదు గదుల హాలు వదిలేశారేం? 1936 డిసెంబర్ 12 తెల్లవారుజామున అప్పటి చైనా పాలకుడు చియాంగ్ కై-షేక్‌ని పట్టుకోవడానికి సైనికులు వచ్చింది అక్కడికే. ఆయన వెనకనుంచి దూకి లీషాన్ కొండెక్కి దాక్కున్నాడు, అయినా దొరికిపోయాడు. పట్టుకున్నది ఆయన సొంత సేనానులే, కమ్యూనిస్టులతో మనలో మనం కొట్టుకోవడం ఆపి జపాన్ మీద పోరాడదామని. కిటికీ అద్దాల్లో తూటా రంధ్రాలు ఇప్పటికీ అలాగే ఉంచారు. ఒకే ఆవరణలో పన్నెండు వందల ఏళ్ల తేడాతో ఇలాంటివి రెండు కథలు. ఇలాంటి చోటు నేనింకోటి చూడలేదు.

దారిఖర్చు:
వెళ్లే విషయం. స్టేషన్ బయట కారు వాళ్ల మాట వినొద్దు, నన్ను ఒకతను చెప్పకుండా బొమ్మల కొట్టుకి తీసుకెళ్లి గంటన్నర తినేశాడు. మెట్రో 9వ లైన్ 2020 చివరి నుంచి నడుస్తోంది, హ్వాచింగ్ చీ పేరుతోనే స్టేషన్ ఉంది, దిగాక గేటు దాకా కొంచెం నడవాలి. పాస్‌పోర్ట్ తప్పనిసరి. అక్టోబర్ మొదటి వారం సెలవుల్లో మాత్రం అస్సలు వద్దు, పెద్దవాళ్లతో ఆ జనంలో నలిగిపోతారు.

గోరింట:
మునగాలనే ఉంటే హ్వాచింగ్ చీ ఉన్న లింటోంగ్‌లోనే బుగ్గ నీళ్ల కొలనులున్న హోటళ్లు ఉన్నాయి. నేను వెళ్లినచోట ఈత దుస్తులు లేకపోతే లోపలికి రానివ్వలేదు, ఆడా మగా ఒకే కొలను. అమ్మగారికి ఇబ్బంది అనిపిస్తే గదిలోనే తొట్టి ఉన్నది అడిగి తీసుకోండి. పది, పదిహేను నిమిషాలు మించొద్దు, బీపీ ఉంటే ఇంకా తక్కువ. నాకు బయటికి రాగానే కళ్లు తిరిగాయి.

షియాన్ మెడికో:
అవునక్కా, బీపీ మాట చాలా ముఖ్యం. అన్నా, డాక్టర్‌ని ఒకసారి అడిగే రండి. ఇంకోటి, లింటోంగ్ దానిమ్మకి పేరు. ఇప్పుడు కాపు సమయం, రోడ్డు పక్కన ఎదురుగానే పిండి రసం ఇస్తారు, అమ్మగారితో తాగించండి.

కృష్ణాతీరం:
వెళ్లొచ్చామండీ, అందరికీ థాంక్స్. ముందే చెప్పి తీసుకెళ్లాను కాబట్టి అమ్మ నొచ్చుకోలేదు. కుళాయి దగ్గర దోసిట్లో నీళ్లు పట్టి నెత్తిన చల్లుకుంది, నా నెత్తిన కూడా చల్లింది. పక్కన ఒక చైనా పెద్దావిడ అది చూసి, అమ్మ మోకాళ్ల వైపు చెయ్యి చూపించి, తన మోకాళ్లు పట్టుకుని మొహం చిట్లించింది. భాష రాదు, ఇద్దరూ కాళ్లు నీళ్లలో పెట్టుకుని అరగంట కూర్చున్నారు. కొలను హాలు సరిగ్గా చూడటానికి టైం చాలలేదు. తూటా రంధ్రాలు మాత్రం చూశాం పాతపటంగారూ, అమ్మ వేలితో లెక్కపెట్టింది.