పుట్టినతేదీ ఒక రోజు వెనక్కి జరుగుతోంది, మందేమిటి?

గాజువాక_గడియారం: మధురవాడలో మా సంస్థ సిబ్బంది వివరాలు నమోదు చేస్తాం. సర్వరు విదేశంలో ఉంది. 15-08-1990 అని కొడితే నివేదికలో 14-08-1990 వస్తోంది. ఎక్సెల్ నుంచి తెచ్చినవాటిలోనేమో రోజూ నెలా తారుమారు. శుక్రవారంలోగా తేల్చాలి.

సీతమ్మధార_రాత్రిబడి: మనకు అర్ధరాత్రి 12 అయితే యూటీసీలో (ప్రపంచమంతా కొలమానంగా వాడే సమయం) ఇంకా ముందురోజు సాయంత్రం 6.30. మీ ప్రోగ్రాం పుట్టినతేదీకి లేని గంటను తగిలించి యూటీసీకి మార్చింది, సర్వరు అందులోంచి తేదీ ముక్క కోసుకుంది. ఈ ఒక్క రోజు కోసం నేను దీపావళి అంతా ఆఫీసులోనే గడిపాను. పుట్టినతేదీకి గంట ఎందుకు? 1990-08-15 అని ఉన్నదున్నట్టు ఉంచండి.

పెద్దన్న_22ఏళ్లు: ఇరవై రెండేళ్లుగా ఇదే పని. అన్నీ యూటీసీలో పెట్టండి, చాలు. దీనికి చర్చ ఎందుకో!

ఎంవీపీ_కాలనీ: పెద్దన్నగారూ, ‘అన్నీ’ అనకండి. న్యూయార్క్ వాళ్లతో మాకు ప్రతి సోమవారం సమావేశం. మీలాంటి ఒకరు దాన్ని యూటీసీలో బిగించారు. నవంబరులో అక్కడ గడియారం గంట వెనక్కి తిప్పారు. మేము సాయంత్రం 6.30కి కూర్చున్నాం, వాళ్లు 7.30కి వచ్చారు. జరిగినదానికి యూటీసీ సరే. జరగబోయేదానికి అక్కడి గంట, ఆ ఊరి పేరు రెండూ ఉండాలి.

పెద్దన్న_22ఏళ్లు: అది మీ చేతకానితనం, యూటీసీ తప్పు కాదు.

రేవు_గుమాస్తా: గొడవ తర్వాత పడండి. ఓడ వచ్చే వేళ పక్కన భారత సమయం అనుకుని ‘ఐఎస్‌టీ’ అని రాసి పంపాను. హైఫాలోని ఏజెంటుకు అది ఇజ్రాయెల్ సమయం. మూడున్నర గంటలు తేడా! ఐర్లాండ్ వాళ్లకూ అవే మూడు అక్షరాలు. అప్పటినుంచి యూటీసీకి మనం ఎంత ముందో +05:30 అని అంకెల్లోనే రాస్తున్నాను.

కాకినాడ_కాజా: ఆ అయిదున్నర మా ఊరి చలవే. భారత సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మా మీదుగానే పోతుంది.

సీతమ్మధార_రాత్రిబడి: మీ మీదుగా కాదు. కాకినాడ 82.2 దగ్గరే ఆగింది. రేఖ తుని పక్కన పోతుంది.

కాకినాడ_కాజా: చిన్నప్పటి పాఠ్యపుస్తకం అబద్ధమా?

రేవు_గుమాస్తా: విశాఖ 83.3. డిగ్రీకి 4 నిమిషాలు. అంటే సూర్యుడి లెక్కలో మనం గడియారానికి మూడు నిమిషాలు ముందున్నాం.

పెద్దన్న_22ఏళ్లు: అసలు ప్రమాదం 2038 జనవరి 19. మన ఉదయం 8.44.07 దాటాక పాత ప్రోగ్రాములు 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల అంకె నిండిపోతుంది. అప్పుడు నన్నే పిలుస్తారు.

గాజువాక_గడియారం: నాది ఈ శుక్రవారం! ఎక్సెల్ సంగతి ఎవరూ చెప్పరా?

ఎంవీపీ_కాలనీ: ఎక్సెల్ గడిలో తేదీ ఏ పక్కకు ఒదిగిందో చూడండి. అమెరికా పద్ధతిలో ఉన్న ఎక్సెల్ 25-04ను తేదీగా ఒప్పుకోదు, 25వ నెల లేదు కనుక. అది అక్షరాలుగా ఎడమకు అంటుకుంటుంది. 03-04ను మాత్రం మార్చి 4 చేసి, ఏమీ ఎరగనట్టు కుడికి జరుపుతుంది. భయపడాల్సింది కుడివైపు వాటికే.

గాజువాక_గడియారం: చూశాను, అలాగే ఉంది. కుడివైపువన్నీ పదో తరగతి సర్టిఫికెట్లతో సరిచూస్తున్నాం.

కాకినాడ_కాజా: తుని ఇప్పుడు కాకినాడ జిల్లాలోనే ఉంది.