అప్‌డేట్: మా బాబు స్పెషల్ స్కూల్ మూసివేత విషయం

ఇంగ్లండ్‌లో మా బాబు చదివే స్పెషల్ స్కూల్‌ని (ప్రత్యేక అవసరాలున్న పిల్లల బడి) కౌన్సిల్, అంటే అక్కడి స్థానిక ప్రభుత్వం, మూసేస్తామంటోంది, ఆపే దారుందా అని అడిగాను కదా. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

తల్లిదండ్రులతో సంప్రదింపులు అయ్యాయి, ఇప్పుడు అధికారిక నోటీసు ఇచ్చారు. స్కూళ్ల మూసివేతకి సంబంధించిన 2006 చట్టం ప్రకారం అభ్యంతరాలు చెప్పడానికి 4 వారాల గడువు. అది ముగిసిన 2 నెలల్లోపు కౌన్సిల్ తేల్చాలి, లేకపోతే విషయం స్కూల్స్ అడ్జుడికేటర్ (స్కూళ్ల వివాదాలు తేల్చే స్వతంత్ర అధికారి) దగ్గరికి వెళ్తుంది. అంటే ప్రతిపాదించేదీ కౌన్సిలే, ముందుగా తీర్పు చెప్పేదీ కౌన్సిలే. ఇదేం న్యాయమో! (అకాడమీలకు, అంటే కౌన్సిల్ కింద కాకుండా ట్రస్టులు నడిపే ప్రభుత్వ నిధుల స్కూళ్లకు, పద్ధతి వేరు.)

మేం గట్టిగా పట్టుకున్నది ఒకటుంది. కొత్త ఏర్పాటు పిల్లలకి ఇప్పటికన్నా మెరుగ్గా ఉంటుందని కౌన్సిల్ చూపించాలని ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతున్నాయి. వాళ్ల రిపోర్టులో ఖాళీ సీట్లు, బిల్డింగ్ రిపేర్లు, బడ్జెట్ లోటు గురించి పేజీలకి పేజీలున్నాయి. పిల్లల దగ్గరికొచ్చేసరికి "తగిన చోట సర్దుతాం" అని ఒక్క ముక్క. అసలు కొత్త పిల్లల్ని ఈ స్కూల్‌కి పంపడం మానేసింది వాళ్లే, సీట్లు ఖాళీగా ఉండక ఏం చేస్తాయి?

ఇప్పటి స్కూల్లోని గోరువెచ్చని నీళ్ల పూల్‌లో దిగితే మావాడి కాళ్ల బిగువు సడలుతుంది, ఆ అరగంట నవ్వుతూనే ఉంటాడు. వాళ్లు చూపిస్తున్న స్కూల్లో పూల్ లేదు. అభ్యంతరంలో మొదట అదే రాశాం.

మూసేసినా, వాడి ఈహెచ్‌సీ ప్లాన్‌లో (వాడికి కావాల్సిన సాయం, చదివే స్కూల్ రాసి ఉండే చట్టబద్ధమైన పత్రం) కొత్త స్కూల్ పేరు రాసినప్పుడు ట్రిబ్యునల్‌కి (ఇలాంటి వివాదాలు వినే స్వతంత్ర న్యాయస్థానం) అప్పీల్ చేసుకునే హక్కు మాకుంది. కౌన్సిల్ నిర్ణయం రాగానే ఇక్కడే రాస్తాను.