జీతం 20వ తేదీకే అయిపోతోంది, ఎక్కడ పోతోందో తెలియడం లేదు

ప్రశ్న (బైరాగిపట్టెడ, తిరుపతి):
నమస్కారం. ఒక లాడ్జిలో లెక్కలు రాస్తాను. నెలకు చేతికందేది 27,000. అద్దె 8,000, సరుకులు, పాలు, గ్యాసు కలిపి 9,000, పాప బడి 3,200, బండి కంతు 2,900, అమ్మ మందులు 1,800. ఈ లెక్కన 2,100 మిగలాలి. కానీ 20వ తేదీ దాటితే ఎవరినో ఒకరిని అడగాల్సి వస్తోంది. పోయిన నెల 5,000 అప్పు చేశాను, నూటికి మూడు రూపాయల వడ్డీ. ఇంట్లో ఎవరికీ దుబారా అలవాటు లేదు. లెక్క ఎక్కడ తప్పుతోంది?

జవాబు (చిత్తూరు):
అన్నా, మీరు రాసినవి గుర్తున్న ఖర్చులు. గుర్తులేనివి మీ ఫోనులో ఉంటాయి. మూడు నెలల చెల్లింపులు తీసి ఒక్కొక్కటీ కాగితం మీద రాయండి. అప్పు సంగతి కూడా చూడండి. నెలకు 150 వడ్డీ అంటే ఏడాదికి 1,800, అమ్మగారి ఒక నెల మందులు. ప్రభుత్వ బ్యాంకులో కొంచెం బంగారం పెడితే నూటికి రూపాయి లోపే పడుతుంది.

అడిగినవారు:
రాత్రి కూర్చుని రాశాను. చుట్టాలు! కొండకు వచ్చినవాళ్లు మే నెలలో నాలుగు విడతలుగా మా ఇంట్లో దిగారు. రోజూ రెండు లీటర్ల పాలు ఎక్కువ, టిఫిన్లు, అలిపిరికి ఆటోలు, వెళ్లేటప్పుడు ఆడవాళ్లకు జాకెట్టు ముక్కలు. మొత్తం 4,300. రావద్దని ఎలా అనగలను? దర్శనం చేసుకుని వచ్చి వాళ్లు లడ్డూ చేతిలో పెడితే అమ్మ ముఖం వెలిగిపోతుంది.

జవాబు (కొర్లగుంట, తిరుపతి):
రావద్దనకు నాయనా. ఈ ఊళ్లో కాపురమున్నవాళ్లకు అద్దె ఎలాగో చుట్టాల ఖర్చూ అలాగే. నీ లెక్కలో దానికి చోటు లేదు, అంతే. మా వంటింట్లో కందిపప్పు వెనక ఒక స్టీలు డబ్బా ఉంది, మూత మీద పసుపు బొట్టు. ఒకటో తేదీన అద్దె, మందులు పక్కన పెట్టగానే అందులో 1,500 వేస్తాను. ఎవరూ రాని నెలలో ముట్టను. ఎండాకాలం సెలవుల్లో, బ్రహ్మోత్సవాలప్పుడు అదే ఆదుకుంటుంది. నీకూ 2,100లో 1,500 దానికి పోతే 600 అప్పుకు మిగులుతుంది. సరుకుల డబ్బును నాలుగు కవర్లు చేసి వారానికొకటి తెరువు.

ఎక్కువమంది వస్తుంటే ముందే ఫోనులో చెబుతాను, పడక స్టేషన్ ఎదుట విష్ణు నివాసంలో, భోజనం మా ఇంట్లో అని. ఇన్నేళ్లలో ఒక్కరూ నొచ్చుకోలేదు.

అడిగినవారు:
అమ్మా, డబ్బాలో 1,500 వేశాం. చుట్టాలు అని మా పాప చీటీ రాసి అంటించింది. నా ఉంగరం తీసుకుని రేపు బ్యాంకుకు వెళ్తున్నాను. శనివారం నెల్లూరు నుంచి మేనమామ కుటుంబం వస్తోంది, ఆరుగురు. విష్ణు నివాసం మాట మా అమ్మతోనే చెప్పిస్తాను, ఆమె మాటను మామయ్య కాదనడు.