పచ్చళ్ల సంస్థకు తెలుగు రాత నియమాలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న

మాది గుంటూరులో పచ్చళ్ల తయారీ సంస్థ. సీసాల మీద లేబుళ్లు, వెబ్‌సైట్, వాట్సాప్ సందేశాలు, పండుగ ప్రకటనలు అన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి. రాసేవాళ్లం నలుగురం. ఒకే సరుకు లేబుల్ మీద 'మాగాయ', వెబ్‌సైట్‌లో 'మామిడి మాగాయ పచ్చడి', వాట్సాప్‌లో 'మాగాయ పికిల్' అయింది. ఒకరు కొనేవారిని 'మీరు' అంటారు, ఇంకొకరు 'నీ ఇంటికే తెస్తాం' అని రాస్తారు.

వీటితో ఇన్నాళ్లూ సర్దుకుపోయాను. కిందటి నెల జరిగింది మాత్రం మనసులోంచి పోవడం లేదు. కాకరకాయ కారం పేజీలో 'షుగరును అదుపులో ఉంచుతుంది' అన్న వాక్యం ఉంది. బయటి రచయిత రాశారు, నేను చదివే పంపాను. ఒక పెద్దావిడ ఫోన్ చేసి, "అమ్మా, మా ఆయనకు షుగరు. రోజూ ఎన్ని చెంచాలు పెట్టమంటారు?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. డాక్టరు గారిని అడగండమ్మా అని చెప్పి, ఆ వాక్యాన్ని అప్పటికప్పుడు తీయించాను.

నియమావళి ఒకటి రాయమని మా యజమాని అన్నారు. పెద్ద సంస్థలవి ఇంగ్లిష్‌లో కొన్ని చదివాను. 'మా గొంతు స్నేహంగా, ధైర్యంగా ఉంటుంది' అని మొదలవుతాయి. అది చదివి మా కుర్రాడు రేపు పొద్దున పండుమిర్చి గురించి ఏమి రాయాలి?

జవాబు 1

అమ్మా, పత్రిక డెస్కులో 22 ఏళ్లు పనిచేశాను. పుస్తకం రాయకండి, ఎవరూ తెరవరు. ఒక పట్టిక పెట్టండి: ఎడమవైపు మీవాళ్లు రాసిన వాక్యం, కుడివైపు మీరు దిద్దిన వాక్యం. కొత్తవాళ్లకు మేము పని నేర్పింది అలాగే.

మీ రంగంలోదే ఒకటి చూడండి. 'నాణ్యమైన గుంటూరు మిరపకాయలతో తయారు చేయబడిన రుచికరమైన పచ్చడిని ఆస్వాదించండి.' ఇది ఇంగ్లిష్ వాక్యానికి తెలుగు తొడుగు. 'చేయబడిన' అని మన ఇళ్లలో ఎవరూ అనరు. 'గుంటూరు మిరపకారం, నువ్వుల నూనె, ఆవపిండి. వేడి అన్నంలో కలపగానే ముద్ద ఎర్రబడుతుంది' అనండి. నాణ్యత అన్న మాట లేకుండానే నాణ్యత కనిపిస్తుంది.

సరుకుల పేర్లకు ఒకే రూపం ఖాయం చేయండి. 'మాగాయ' చాలు, పక్కన పచ్చడి అక్కర్లేదు. కొనేవారు ఎప్పుడూ 'మీరు'. మన దగ్గర పచ్చడి కొనేది చాలావరకు ఇంటి పెద్దలు, వాళ్లను ఏకవచనంలో పిలిస్తే చనువు అనుకోరు. ఇంకొక మాట: తుది నిర్ణయం ఒకరిదే కావాలి, అది మీరే కావాలి. నలుగురి ఓటుతో వర్ణక్రమం తేలదు.

జవాబు 2

ఆహార లేబుళ్లు పరిశీలించే పని నాది. పట్టిక కన్నా ముందు ఒక పేజీ కావాలి, అందులో మీరు రాయకూడని మాటలు ఉండాలి.

ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో ప్రకటనల మీద నిబంధనలు తెచ్చింది. ఆహారం రోగాన్ని నయం చేస్తుందనో, రాకుండా ఆపుతుందనో చెప్పకూడదు. మీ కాకరకాయ వాక్యం అక్కడే పడుతుంది. 'తాజా' అన్న మాట కూడా జాగ్రత్త: కడగడం, తొక్క తీయడం, కోయడం, చల్లబరచడం వంటి వాటికి మించి ఏ ప్రక్రియా జరగని సరుకుకే అది చెల్లుతుంది. ఉప్పు, కారం, నూనెలో ఊరిన పచ్చడి తాజా ఎలా అవుతుంది? 'తాజా మామిడికాయలతో పెట్టిన' అన్నా చూసి రాయాలి. కార్ఖానాలో చేసి 'ఇంట్లో చేసినది' అనే మాట పెడితే కొనేవారు పొరబడతారు. దాన్నీ ఆ నిబంధనలు ఒప్పుకోవు. మీ వాళ్లకు అమ్మ చేతి వంట అని రాయాలనిపిస్తుంది, నాకు తెలుసు. ఆపండి.

వినియోగదారుల రక్షణకు 2022లో వచ్చిన మార్గదర్శకాలు ఇంకొకటి చెబుతున్నాయి: ప్రకటన ఏ భాషలో ఉంటే షరతు కూడా అదే భాషలో ఉండాలి. పైన తెలుగులో 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' అని పెట్టి కింద 'షరతులు వర్తిస్తాయి' అన్నది చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటే కుదరదు.

జవాబు 3

వెబ్‌సైట్లు చేస్తాను, చిన్న మాట చెబుతాను. లేబుల్ చేసేవాళ్లు పాత డీటీపీ ఖతుల్లో (ఫాంట్లలో) కొట్టిన తెలుగును వెబ్‌సైట్‌లో అతికిస్తే గజిబిజి అవుతుంది. అసలు ప్రతిని యూనికోడ్‌లోనే, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ గుర్తుపట్టే అక్షర పద్ధతిలోనే ఉంచండి. వరుసల మధ్య చోటు ఇంగ్లిష్ కొలతకు వదిలితే 'స్త్రీ'లో వత్తులు కింది వరుసకు తగులుతాయి, కొంచెం పెంచమని డిజైనర్‌కు రాసిపెట్టండి.

అడిగినవారు

అందరికీ నమస్కారం. ఈ రోజు నలుగురం కూర్చుని వెబ్‌సైట్‌లోని ప్రతి పేజీ పైకి చదివాం. 'తాజా' పదకొండు చోట్ల దొరికింది. ఉసిరికాయ పేజీలో 'రోగనిరోధక శక్తినిస్తుంది' అని ఉంటే, దాన్ని రాసిన అమ్మాయే లేచి కొట్టేసింది. దాని స్థానంలో 'ఉసిరికాయలు, ఉప్పు, మెంతిపిండి, ఇంగువ పోపు' అని రాసింది. ఆ పెద్దావిడ నంబరు నా ఫోనులో ఉంది. రేపు పిలిచి, మేము రాసింది తప్పని చెబుతాను.