గెలిచిన పిల్లను పక్కన పెట్టమంటున్నారు. కొత్త హెచ్‌ఎంను, సలహా కావాలి

జడ్పీ హెచ్‌ఎం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఇరవై రెండేళ్లు సోషల్ చెప్పి, ఈ మధ్యే ప్రమోషన్ మీద ఒక జడ్పీ హైస్కూల్‌కి హెచ్‌ఎంగా వచ్చాను. ఉత్తరాంధ్రలో చిన్న మండలం. మొత్తం పిల్లలు 214 మంది.

ఈ బడిలో ఎస్పీఎల్ (స్కూల్ ప్యూపిల్ లీడర్, పిల్లలందరి లీడర్) అంటే టెన్త్‌లో ఫస్ట్ వచ్చే పిల్లాడే. ఎప్పట్నుంచో అదే ఆనవాయితీ. ఈసారి నేను పట్టుబట్టి శుక్రవారం ఎన్నిక పెట్టించాను. సైకిల్, ఫ్యాన్, గ్లాసు, చెయ్యి, పువ్వు గుర్తులు వద్దని ముందే చెప్పి గొడుగు, గంట, బంతి ఇచ్చాం. బ్యాలెట్లు పిల్లలే స్కేలు పెట్టి గీశారు. సైన్స్ ల్యాబ్ బల్ల మీద అట్టపెట్టె నిలబెట్టి ఓటు చాటు చేశాం. మా అటెండర్ గారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, ఒక్కొక్కరి ఎడమ చేతి వేలు పట్టుకుని మార్కర్‌తో గీత పెట్టారు. ఆరో తరగతి పిల్లలు సాయంత్రం దాకా ఆ వేలు తడవకుండా చూసుకున్నారు.

197 మంది ఓటేశారు. ఆరు చెల్లలేదు. టెన్త్ అమ్మాయి ఒకరికి 88, ఇద్దరు అబ్బాయిలకి 71, 32. ఎన్నికల డ్యూటీలో మూడుసార్లు ప్రిసైడింగ్ ఆఫీసరుగా చేసిన అలవాటుతో, బూత్‌లో పోలైన ఓట్ల లెక్క చూపే 17సి ఫారం రాసినట్టే లెక్క రాసి, ముగ్గురి చేతా సంతకం పెట్టించి తలా ఒక కాపీ ఇచ్చాను.

ఆ అమ్మాయి వాళ్లమ్మ మా బడిలోనే వంట చేస్తుంది. స్టాఫ్ రూంలో ఇద్దరు సీనియర్లు నన్ను పక్కకి పిలిచారు. ఆగస్టు 15న పెద్దల ముందు ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడడం రాదు, మార్కులూ అంతంతమాత్రమే, బోర్డు మీద ఇంకా పెట్టలేదు కాబట్టి రెండో స్థానంలో వచ్చిన అబ్బాయిని ఎస్పీఎల్ అని, ఈ పిల్లని అసిస్టెంట్ అని చెప్పేయండి అన్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఆదివారాలు కూడా వచ్చి టెన్త్ వాళ్లకి పాఠాలు చెప్పేవాళ్లే. కానీ అందులో ఒకరు "వంటామె కూతురు" అన్న తీరు నా చెవిలోంచి పోవడం లేదు.

పోలింగ్ బూత్‌లో 17సిలో ఒక్క అంకె మార్చమంటే మారుస్తానా? ఇక్కడా మార్చను. నా టెన్షన్ అది కాదు. నెల తిరక్కముందే స్టాఫ్‌తో తగువు పెట్టుకోకుండా ఎలా చెప్పాలి? ప్రకటించాక ఆ అమ్మాయికి అసెంబ్లీలో "సావధాన్" చెప్పడం తప్ప ఏం పని ఇవ్వాలి?

రిటైర్డ్ హెచ్‌ఎం, గోదావరి జిల్లా

మాస్టారూ, మీరు మార్చనన్నారు, సంతోషం. నేను మార్చాను. 1996లో. అప్పుడూ ఇదే మాట, గెలిచినవాడు స్టేజీ మీద తడబడతాడని. వాడు ఏమీ అనలేదు. నాకు నమస్కారం పెట్టడం కూడా మానలేదు. మరుసటి ఏడాది ఎన్నిక పెడితే డబ్బాలో సగానికి పైగా తెల్ల చీటీలే వచ్చాయి. ఎవరూ కూడబలుక్కోలేదు. ఈ బడిలో ఓటేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే అని పిల్లలకి నా వల్లే అర్థమైపోయింది. ఆ చీటీలు నా టేబుల్ మీద పోసుకుని చాలాసేపు కూర్చున్నాను. సివిక్స్ పాఠం చెప్పిన నోటితోనే ఆ పని చేశాను కదా అని ఇప్పటికీ బాధ.

ఓటు వయసు 1989లో 21 నుంచి 18కి వచ్చింది. మీ టెన్త్ పిల్లలు ఇంకో మూడేళ్లలో అసలు బూత్‌కి వెళ్తారు. రాజ్యాంగ నైతికత మనిషికి సహజంగా అబ్బేది కాదు, అలవరచుకోవాల్సిందని అంబేద్కర్ గారు 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అన్నారు. అలవరచడానికి హైస్కూల్‌ని మించిన చోటు ఏముంది?

స్టాఫ్ సంగతి: మీటింగ్ పెట్టి చర్చకు తేకండి. చర్చకు పెడితే మార్చే వీలుందని మీరే ఒప్పుకున్నట్టు. సోమవారం పొద్దున్నే లెక్క కాగితం సంతకంతో బోర్డు మీద అంటించండి. ఆ తర్వాత ఆ ఇద్దరి దగ్గరికి మీరే వెళ్లి, "ఆగస్టు 15కి ఈ పిల్ల చేత మాట్లాడించే పూచీ మీది" అని అప్పజెప్పండి. పాఠం చెప్పడమంటే ప్రాణమిచ్చేవాళ్లకి పిల్లని అప్పజెబితే కాదనలేరు. తెలుగులో మాట్లాడితే తప్పేంటని కూడా అడగండి.

జూనియర్ అసిస్టెంట్

నేను టీచర్ని కాదు, హైస్కూల్ ఆఫీసులో గుమాస్తాని. అయినా ఒక మాట చెప్పాలనిపించింది.

మూడేళ్ల క్రితం ఒక అమ్మాయి టీసీ కోసం వచ్చింది. టెన్త్ పాసైంది, మంచి మార్కులు. అప్లికేషన్ నా టేబుల్ మీద పెట్టింది. తీస్తే దాని కింద నాలుగు మడతలు పెట్టిన యాభై రూపాయల నోటు. ఇదేంటమ్మా అంటే, "ఇవ్వాలంట కదండీ, నాన్న ఇచ్చి పంపాడు" అంది. సిగ్గుపడలేదు, భయపడలేదు. బస్సు టికెట్టుకి ఇచ్చినంత మామూలుగా ఇచ్చింది. అదే అమ్మాయి నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవానికి పీఠిక అంతా చూడకుండా చెప్పి ప్రైజు తీసుకుంది. ఆ ప్రైజు రాసిపెట్టిన రిజిస్టర్ నా బీరువాలోనే ఉంది.

నోటు తిరిగిచ్చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాకు ముందున్నవాళ్లు ఏం చేశారో నాకనవసరం, ఆ అలవాటు మాత్రం ఈ కిటికీ దగ్గరే పుట్టింది. మర్నాడు కిటికీ పక్కన పెద్దక్షరాలతో రాసి అంటించాను: టీసీ, స్టడీ సర్టిఫికెట్, డబ్బులేమీ కట్టక్కర్లేదు, ఏ రోజు ఇస్తామో రాసిస్తాం. చదువురాని తల్లులు వస్తే పిల్లల చేతే పైకి చదివిస్తాను. కుర్చీ కూడా వేశాను.

హెచ్‌ఎం గారూ, ఎన్నిక రోజు మీ అటెండర్ గారిని వేలికి గీత పెట్టే చోట కూర్చోబెట్టారు చూడండి, అది నాకు చాలా నచ్చింది. పిల్లలు మిమ్మల్ని పీరియడ్‌లోనే చూస్తారు. మమ్మల్ని రోజంతా చూస్తారు. మేం ఎవరితో ఎలా మాట్లాడుతున్నామో, మాతో ఎవరు ఎలా మాట్లాడుతున్నారో అన్నీ గమనిస్తారు.

కమిటీలో ఒక తల్లి

విద్యా హక్కు చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం ఆడవాళ్లు ఉండాలి. మా పాత బడిలో నేనూ మెంబర్నే. మీటింగ్ జరిగేది కాదు, మినిట్స్ పుస్తకం మా అబ్బాయి చేతికిచ్చి సంతకం కోసం ఇంటికి పంపేవారు. వాడు అప్పుడు ఏడో తరగతి. "మీటింగ్‌లో చర్చించితిమి" అని చదివి, "ఎప్పుడు వెళ్లావమ్మా?" అని అడిగాడు. ఏం చెప్పను వాడికి?

ఆ అమ్మాయికి నిజమైన పని ఇవ్వండి సార్. ఒక రిజిస్టర్ ఇచ్చి పిల్లల ఇబ్బందులు రాయమనండి. పక్కన "ఏం చేశాం" అని మీరు రాయండి.

జడ్పీ హెచ్‌ఎం

అందరికీ కృతజ్ఞతలు. సోమవారం బోర్డు మీద పెట్టేశాను. సీనియర్ మేడం ఒకరు రెండు రోజులు ముభావంగా ఉన్నారు. నిన్న లంచ్‌లో ఆ అమ్మాయిని కూర్చోబెట్టుకుని ఉపన్యాసం రాయిస్తూ కనిపించారు, తెలుగులోనే.

ప్రకటించిన రోజు అసెంబ్లీలో ప్రతిజ్ఞ ఆ అమ్మాయే చెప్పించింది. ఆ ప్రతిజ్ఞ రాసింది మన తెలుగువాడే, నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. 1962లో విశాఖలో ట్రెజరీ ఉద్యోగం చేస్తూ రాశారు. టీచరు కాదు, ఆఫీసు మనిషి. జూనియర్ అసిస్టెంట్ గారి మాట చదివాక ఇది పిల్లలకి చెప్పాలనిపించి చెప్పాను. "ప్రతివారితోను మర్యాదగా" అన్న చోట వంటగది వైపు చూశాను. వాళ్లమ్మ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

రిజిస్టర్ ఇచ్చాను. మొదటి రోజే ఒక పద్దు రాసింది: "కొత్తగా పెట్టిన చేతులు కడుక్కునే కుళాయిలు ఆరో తరగతి వాళ్లకి అందట్లేదు. పెద్దవాళ్లు తిప్పితేనే నీళ్లు." వెళ్లి చూస్తే నిజమే. నెల నుంచి రోజూ అటే నడుస్తున్నాను, నా కంట పడలేదు. ప్లంబర్ గురువారం వస్తానన్నాడు. అప్పటిదాకా రెండు ఇటుకలు వేసి పలక పరిచాం. "ఏం చేశాం" గడిలో ప్రస్తుతానికి అదే రాశాను.