పిల్లల కొట్లాటను ఆపేలా ఉపాధ్యాయులకు ఎలా తర్ఫీదు ఇవ్వాలి?

మాది 14 మంది ఉపాధ్యాయులున్న జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. తొమ్మిది, పదో తరగతుల అబ్బాయిల కొట్లాటలు దాదాపు అన్నీ మధ్యాహ్న భోజనం తర్వాత కుళాయిల దగ్గరే మొదలవుతున్నాయి. గత నెలలో ఒక అబ్బాయి జామెట్రీ బాక్సులోని వృత్తలేఖినితో తోటివాడి మోచేతిపై పొడిచినప్పుడు, పక్కనే ఉన్న ఉపాధ్యాయుడు బెత్తం ఎత్తాలో, అడ్డుపడాలో తోచక నిలబడిపోయారు. ఆయనకు అది ఎవరూ నేర్పలేదు కనుక తప్పుపట్టలేను. కుళాయిల దగ్గర ఇద్దరికి డ్యూటీ వేశాం. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధిస్తుందనీ, బాలల సహాయవాణి 1098కు ఎప్పుడు ఫోన్ చేయాలనీ రెండు శనివారాలు వివరించాం. ఏం చేయకూడదో తెలిసింది గానీ, గొడవ రాజుకున్న మొదటి నిమిషంలో ఏం చేయాలో ఎవరికీ అలవడలేదు. నెలకు 40 నిమిషాలే దొరికే మాకు, కొట్టకుండా పిల్లలను విడదీయడం అలవడాలంటే ఉపాధ్యాయులచేత ఏ అభ్యాసం చేయించాలి?